పొయ్యి ఉన్న వైపు

జూన్ 3

వాన ఇంకా పడలేదు. పూజ అయ్యాక ఫాదర్ జాసింతు నన్ను ఆగమన్నారు. మా సాంతా ఆనా విచారణ, అంటే ఈ చర్చి కింద ఉన్న ఊళ్ల గురించి చిన్న పుస్తకం వేయాలని చర్చి సంఘం తీర్మానించిందట. ఈ విచారణ ఎప్పుడు పుట్టింది, ఏ ఊళ్ల మేర ఉంది, పోర్చుగీసు కాలంలో ఒక్కటిగా ఉన్నది రెండెందుకయింది, అన్నీ రాయాలి.

"కాన్వెంటులో చదువుకున్నదానివి. ఊరికే ఉన్నావు కదా" అన్నారు.

ఊరికే లేను. నాయనమ్మ మంచాన పడిందని మడ్గావ్‌లో లైబ్రరీ పని వదులుకుని వచ్చాను. ఆ మాట పెదవి దాటేలోపు ఆయన పూజ వస్త్రాలు విప్పుకోవడానికి లోపలికి వెళ్లిపోయారు. నా మౌనాన్ని ఒప్పుకోలు అనుకుని ఉంటారు. అందరూ అలాగే అనుకుంటారు.

జూన్ 5

మొదటి వాక్యం కుదరలేదు.

జూన్ 8

నాయనమ్మ కాళ్ల వాపు కొంచెం తగ్గింది. నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. పక్కన కూర్చుని అడిగాను.

"మన విచారణ సరిహద్దు ఎక్కడే నాయనమ్మా?"

"నా మంచం కింద."

వేళాకోళం అనుకున్నాను. కాదు. చెప్పినది చెప్పినట్టు ఇక్కడ రాసుకుంటాను.

మొదట్లో ఒక్కటే చర్చి, కొండమీది సాంతా ఆనా. పొలాలున్నవాళ్లు ముందు బెంచీల్లో, ఏటి ఒడ్డు బాందార్ నుంచి వచ్చే జాలరులు వెనక వసారాలో నిలబడి. పండుగ రోజున ఎర్ర పైవస్త్రం వేసుకుని శిలువ మోసే సంఘంలో జాలరికి చోటు లేదు. తాతలు అడిగారు, తండ్రులు అడిగారు, ఇవ్వలేదు. చివరికి బాందార్ వాళ్లు కొబ్బరాకులతో తమ గుడి తామే వేసుకుని, సావ్ లోరెన్సు పేరు పెట్టుకుని, మాకు వేరే విచారణ కావాలన్నారు. బిషప్పు తరఫున ఒక తెల్లదొర సరిహద్దు వేయడానికి వచ్చాడు. ఆ రోజు పెద్ద పోటు. ఉప్పునీళ్లు పొలాలెక్కాయి. ఆయన కాళ్లకు మెత్తటి తోలు జోళ్లు. అవి తడవకుండా కట్టమీదే నడిచాడు. వెనకాల గుమాస్తా రాళ్లు పాతించుకుంటూ వెళ్లాడు.

"దేవుడు గీసిన గీత కాదే పిల్లా. ఆ దొర జోళ్లు గీసినది."

మా ఇల్లు ఆ కట్టమీదే. తూర్పు సగం సాంతా ఆనాలో, పడమటి సగం బాందార్‌లో. మధ్యగది మంచం అటూ ఇటూ.

"అయితే ఇల్లు ఎవరిది?"

"పొయ్యి ఏ వైపు మండితే ఆ వైపుది. కట్టమీది ఇళ్లన్నిటికీ అదే లెక్క. అందుకే మీ ముత్తాత పొయ్యిని తూర్పుగోడకు అతికించినట్టు కట్టించాడు. పొగ పోవడానికి దారిలేదని ఆడవాళ్లు మొత్తుకున్నా వినలేదు. ఆయనకు సాంతా ఆనా కావాలి, వాళ్లకు ఊపిరి కావాలి."

వదిన కొత్త వంటింట్లోంచి టీ తెచ్చి ఇచ్చింది. తాగుతూ ఇదంతా కాగితంమీద పెట్టాను. చాలా రోజుల తర్వాత చేతికి పని దొరికినట్టుంది.

జూన్ 9

వాన.

జూన్ 14

సరిహద్దు అధ్యాయం పూర్తయింది. పొయ్యి నియమం ఒక పేరా. దాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో. ఒక్క మాట ఎక్కువ లేదు. మా కాన్వెంటు సిస్టర్ చూస్తే మెచ్చుకునేది. ఫాదర్‌కు ఇచ్చి వచ్చాను.

జూన్ 22

సంఘం సమావేశంలో ఫాదర్ నా అధ్యాయం చదివి వినిపించారట. అందరికీ నచ్చిందట. సంఘం పెద్ద ఎవారిస్తు బాబ్ ఒక పేరా రెండోసారి చదివించుకున్నారట. ఏ పేరానో ఫాదర్ చెప్పలేదు. నేను అడగలేదు.

జూన్ 24

సావ్ జువాంవ్ పండుగ. కుర్రాళ్లు తలమీద ఆకుల కిరీటాలు పెట్టుకుని, డోలు కొట్టుకుంటూ ఇంటింటి బావిలో దూకుతున్నారు. మా బావి దగ్గరికి రాలేదు. వదిన పనసతొనలు, ఫెనీ సీసా వాకిట్లో పెట్టుకుని ఎదురుచూసింది. డోలు మా ప్రహరీ ముందు కాసేపు ఆగింది. తర్వాత అవతలి ఇంటికి వెళ్లింది.

"మరిచిపోయారేమో" అన్నాడు అన్నయ్య.

జూన్ 27

ఎవారిస్తు బాబ్ వచ్చారు. మొజాంబిక్‌లో ఓడరేవు గుమాస్తాగా చేసి వచ్చిన మనిషి, ఇంట్లో కూడా టోపీ తీయరు. నాయనమ్మను పలకరించి, ఇల్లు చూస్తానన్నారు. వదిన సంబరంగా పడమటి వైపు తీసుకెళ్లింది. పోయినేడు వానల్లో పాత వంటింటి కప్పు కూలినప్పుడు అన్నయ్య కట్టించిన వంటిల్లు అది. ఏటిగాలి వచ్చే కిటికీ, గ్యాసు పొయ్యి, పింగాణి పలకలు.

"చక్కగా ఉందమ్మా ఎస్పెరాన్సా. వంటంతా ఇక్కడేనా?"

"ఇక్కడే బాబ్. ఆ పాత పొగగూట్లో ఇంకెవరు చస్తారు?"

ఆయన తల ఊపుతూ నా వైపు తిరిగారు.

"నీ పుస్తకం విన్నాను ఎర్మెలిందా. పొయ్యి ఉన్న వైపే విచారణ. ఎంత బాగా రాశావు! మేమంతా మరిచిపోయిన సంగతి."

అప్పుడు అర్థమైంది. రాస్తున్నప్పుడు ఒక్కసారి కూడా తట్టలేదు. గ్యాసు పొయ్యిని నేను పొయ్యి అనుకోలేదు. అది వదిన సామాను అనుకున్నాను, రేడియోలాగా.

అన్నయ్యకు అర్థం కావడానికి ఇంకొంచెం సేపు పట్టింది. ఎవారిస్తు బాబ్ నెమ్మదిగా చెప్పారు. ఇల్లు బాందార్ వైపు పోయినట్టే. సాంతా ఆనా సమాధుల తోటలో గోడవార ఉన్న మా చోటు ఇక సాంతా ఆనా వాళ్లకే చెందాలి. తోటలో చోటు లేక అందరూ ఇబ్బంది పడుతున్నారు.

"మా తాత అక్కడున్నాడు! మా నాన్న అక్కడున్నాడు!"

"ఉండనీ రొమాల్దు. వాళ్లను ఎవరు లేపుతారు? వాళ్ల పొయ్యి తూర్పువైపు మండింది."

"మా నాయనమ్మ మాటేమిటి?"

ఆయన టోపీ సర్దుకున్నారు. "నియమం నేను పెట్టలేదు నాయనా."

ఆయనకు ముందే తెలిసి ఉంటుంది. సంఘం పెద్ద కదా. ఎవరు రాసినా రాయకపోయినా తెలిసే ఉంటుంది.

జూన్ 28

ఆయనకు ముందే తెలుసు.

జూన్ 30

నాయనమ్మకు చెప్పకూడదనుకున్నాం. గోడలు పలుచన. అంతా విన్నది.

నాయనమ్మ పుట్టిల్లు బాందార్. జాలరుల పిల్ల. తాత ఆమెను చేసుకున్నాడని కొండమీద వాళ్లు పెళ్లి విందు ముట్టలేదట. చాలా ఏళ్లు ఆమె చర్చిలో వెనక వసారాలోనే నిలబడింది. ఒకసారి తాత చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు బెంచీలో కూర్చోబెడితే, ఆ బెంచీలోని ఆడవాళ్లు లేచి వెళ్లిపోయారు. ఆమె ఒక్కతే బెంచీ అంతా తనదే అన్నట్టు కూర్చుని పూజ చివరిదాకా విన్నది. ఇవన్నీ ఇంట్లో నవ్వుకుంటూ చెప్పుకునే సంగతులు. ఇవాళ ఆమె నవ్వలేదు.

"ఆయన పక్కన పెడితే చాలనుకున్నానే పిల్లా. ఒకసారి మట్టి కప్పాక నన్ను లేపి వెనక నిలబెట్టలేరు కదా అని."

ఏదో ఒకటి అనాలి. దుప్పటి సర్దాను.

జూలై 2

అన్నయ్యా నేనూ ఫాదర్ దగ్గరికి వెళ్లాం. ఆయన మంచివాడు. మంచివాళ్ల దగ్గర పని జరగదు.

"సంఘం మాటకు నేను అడ్డం వెళితే రేపు పండుగకు శిలువ ఎత్తరు. ఎవారిస్తుతో మాట్లాడాను. పాత పొయ్యి మళ్లీ రగిలించి, రోగి ఆ పొయ్యి దగ్గరే ఉంటూ ఆ పొయ్యి మీది తిండే తింటూ ఉంటే, ఇల్లు ఇటువైపే అని ఒప్పుకుంటాడట. అయితే ఆమె కన్నుమూసేదాకా ఆరకూడదు."

ఇంటికొచ్చి అన్నయ్య వదినకు చెప్పాడు. వదిన గరిటె కింద పెట్టింది.

"పెళ్లయి వచ్చినప్పటినుంచి ఆ పొగ తాగాను. ఇప్పుడిప్పుడే కళ్లు తెరిచాను. చచ్చినవాళ్ల చోటు కోసం బతికున్నదాన్ని మళ్లీ అందులో తోస్తావా?"

"నిన్ను వండమనలేదే..."

"మరి ఎవరు వండుతారు? ఎవారిస్తు బాబ్ వచ్చి వండుతాడా టోపీ పెట్టుకుని?"

"నేను వండుతాను" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. నేనూ ఆశ్చర్యపోయాను.

జూలై 5

పాత వంటింటిమీద అన్నయ్య కొబ్బరాకు తడికలు కప్పాడు. నాయనమ్మ మంచం పక్కగదిలోకి జరిపాం. పొయ్యి అంటించాను. కొబ్బరిపీచు తడి, మట్టలు తడి, చిప్పలు తడి. పేజ్, అదే మా గంజి అన్నం, ఉడికేసరికి మధ్యాహ్నమైంది. అన్నం సగం గంజి, సగం పలుకు. నాయనమ్మ వంక పెట్టకుండా తాగింది. నాకది నచ్చలేదు. ఆమె వంక పెట్టాలి.

జూలై 7

నాయనమ్మకు కొంచెం దగ్గు. వానాకాలంలో అందరూ దగ్గుతారు.

జూలై 9

రాత్రి నిప్పు బూడిద కింద కప్పి పెట్టడం నేర్చుకున్నాను. పొద్దున్న ఊదితే లేస్తుంది. వేళ్ల చివర్లు కాలి గట్టిపడ్డాయి. జుట్టు ఎన్ని నీళ్లు పోసుకున్నా ఎండుచేప వాసనే. పుస్తకం ముట్టుకోలేదు. ఫాదర్ కబురు పంపారు, మిగిలిన అధ్యాయాలు ఎప్పుడని. త్వరలో అని చెప్పించాను.

జూలై 13

బాందార్ నుంచి పీదాద్ వచ్చింది. ఏటా వానల్లో మా ఇంటికి ఎండుచేపలు తెచ్చేది ఆమే. బుట్ట దింపకుండానే కేకలు.

"ఏమిటే ఈ పొగ! ఇల్లు తగలబడుతోందని పరిగెత్తుకొచ్చాను. మీ గ్యాసు ఏమైంది?"

వదిన సంగతంతా చెప్పింది. చెప్పకుండా ఆపాలనుకున్నాను, ఎలా ఆపాలో తెలియలేదు. పీదాద్ నడుముమీద చేతులు పెట్టుకుని విన్నది. తర్వాత నాయనమ్మ గది గుమ్మంలో నిలబడి గట్టిగా అంది:

"క్విటేరియా పెద్దమ్మా! మా గుడికి రావే. మా గుడికి వెనక వసారాయే లేదు. డబ్బు చాలక కట్టలేదు."

నాయనమ్మ గోడవైపు తిరిగింది.

"ఆమె, మా అమ్మ ఒకే బుట్ట చెరో వైపూ పట్టి మోసినవాళ్లు" అంది పీదాద్ నాతో, గొంతు తగ్గించి. "కొండెక్కాక మా వైపు చూడలేదు. పోనీలే. చూస్తే వాళ్లు మళ్లీ కిందికి తోసేస్తారని భయం."

బంగడా చేపలు రెండు ఎక్కువ పెట్టి వెళ్లింది.

జూలై 15

దగ్గు. వాన అలాగే ఉంది.

జూలై 17

డాక్టరు వచ్చారు. ఆయన వస్తారని నాయనమ్మను పొద్దున్నే ముందు వసారాలో కూర్చోబెట్టాం. అక్కడ వెలుతురు బాగుంటుందని. ఛాతీమీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు.

"ఇంట్లో కట్టెల పొయ్యి వాడుతున్నారా?"

"గ్యాసు ఉంది డాక్టర్" అన్నాను.

ఉంది. అబద్ధం కాదు.

మందు రాసిచ్చారు. వదిన గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.

జూలై 20

ఎవారిస్తు బాబ్, సంఘం వాళ్లు ఇద్దరు వచ్చారు. ఎర్ర పైవస్త్రాలు వేసుకునే వచ్చారు, పైన గొడుగులు. వాళ్లు గదిలో అడుగుపెట్టగానే తడిమట్ట ఒకటి పొయ్యిలో పగిలి పొగ లేచింది. ముగ్గురూ దగ్గారు. నాయనమ్మ దిండ్లమీద లేచి కూర్చుంది.

"కూర్చో ఎవారిస్తు. నీ కళ్లలో నీళ్లెందుకు? నేనింకా చావలేదు."

"పొగ, క్విటేరియా బాయి."

"పొగే కదా అడిగావు. చాలా? ఇంకో మట్ట వెయ్యమంటావా?"

వెనకున్న మనిషి నవ్వాపుకోలేక గొడుగు దులిపాడు.

"నియమం ప్రకారం చూసి వెళ్లాలి కదా బాయి, అందుకని..."

"మీ అమ్మ పెళ్లికి చేపల బుట్ట కొండమీదికి మోసింది మా అమ్మ. దించేసరికి మెడ పట్టేసింది, వారం తల తిప్పలేదు. ఆ రోజు ఏ విచారణ చేప అని అడిగారా మీవాళ్లు? ముల్లు కూడా మిగల్చలేదట."

ఎవారిస్తు బాబ్ టోపీ తీశారు. ఈ ఇంట్లో మొదటిసారి.

"నియమం గురించి నాకు చెప్పకు" అంది నాయనమ్మ. "నీకు చెప్పిన పిల్లకు చెప్పిందే నేను."

నా వైపు చూడలేదు. ఆ తర్వాత దగ్గు వచ్చింది. చాలాసేపు ఆగలేదు. ఆగేదాకా ముగ్గురూ నిలబడే ఉన్నారు.

వెళుతూ వాకిట్లో ఎవారిస్తు బాబ్ అన్నయ్యతో చెప్పారు. ఇల్లు సాంతా ఆనాదే. పొయ్యి కళ్లారా చూశాం. గోడవార చోటు అలాగే ఉంటుంది.

జూలై 21

గెలిచాం.

జూలై 23

పడుకుంటే ఊపిరి ఆడడం లేదంటోంది. కూర్చునే నిద్రపోతోంది. కిటికీ తీస్తే జల్లు, మూస్తే పొగ. సగం తీసి పెట్టాను.

వానాకాలం దగ్గు.

జూలై 25

పేజ్ తాగిస్తుంటే గిన్నె పక్కకు నెట్టింది.

"ఆర్పెయ్యవే పిల్లా."

"ఏమిటి నాయనమ్మా?"

"తెలీనట్టు అడగకు."

"రేపు సాంతా ఆనా పండుగ. పండుగకు ముందు పొయ్యి ఆర్పకూడదు."

అలాంటి నియమం ఎక్కడా లేదు. అప్పటికప్పుడు పెట్టాను.

ఆమె నవ్వింది. "బాగా చదువుకున్నావు" అంది.

జూలై 26

పండుగ. కొండమీంచి గంటలు, బాణసంచా. అన్నయ్య ఒక్కడే పూజకు వెళ్లాడు. ఎవారిస్తు బాబ్ అందరిముందు అన్నయ్య భుజంమీద చెయ్యి వేశారట. నాయనమ్మ గంటలు వింటూ కూర్చుంది. ఆర్పమని మళ్లీ అడగలేదు. అడగలేదు కాబట్టి అవసరం లేదేమో.

జూలై 27

రేపు ఆర్పుతాను.

జూలై 28

ఇవాళ ఆర్పితే చేసినదంతా వృథా. అన్నయ్య తడికలు, నా చేతులు, ఆమె ఎవారిస్తు బాబ్‌తో అన్న మాటలు. ఇంకెన్నాళ్లు బతుకుతుందని. ఈ వాక్యం కొట్టేయాలి. కొట్టేయను.

జూలై 29

పొద్దున నేను ఊదుగొట్టం పట్టుకుని కూర్చుంటే వదిన వచ్చి పక్కన నిలబడింది. పొయ్యి మళ్లీ అంటించాక పాత వంటింట్లోకి ఆమె రావడం ఇదే మొదలు.

"బంగడాను ఎలా ఎండబెడతారో తెలుసా? ఉప్పు రాసి పొగ పెడతారు. ముసలామెకు ఉప్పొక్కటే తక్కువ."

"ఆమె కోసమే కదా వదినా."

"ఆమె కోసమా? ఆమె ఆర్పమని అడిగి ఎన్నాళ్లయింది? నాకు వినబడలేదనుకున్నావా? నువ్వు రాసినదాన్ని నువ్వు చెరుపుకోవడానికి ఆమె ఊపిరితిత్తులు కావాల్సి వచ్చాయా లిందా?"

కోపంగా అనలేదు. అలసిపోయి అంది. కోపంగా అంటే ఏడ్చేదాన్ని.

కడవ ఎత్తి నీళ్లు పోశాను. పెద్ద చప్పుడు. బూడిద మొహానికి కొట్టింది. పక్కగదిలో నాయనమ్మ దగ్గు ఆపి విన్నది.

వదినా అన్నయ్యా మంచం పడమటి గదికి మోశారు. కిటికీ పూర్తిగా తెరిచారు. ఏటి వాసన. నాయనమ్మ దిండుమీద తల ఆనించి, పడుకుని నిద్రపోయింది.

"మరి సమాధి?" అన్నాడు అన్నయ్య.



ఆగస్టు 2

నాయనమ్మ నిన్నటి చేపల పులుసు అడిగింది. వదిన గ్యాసుమీద ఇగిరేదాకా వేడిచేసి ఇచ్చింది. పావ్ రొట్టెతో తుడిచి తిన్నది.

"కోకం పులుపు తక్కువైందే ఎస్పెరాన్సా."

"రేపు ఎక్కువ వేస్తాను నాయనమ్మా" అంది వదిన. వంక పెట్టినందుకు ఎంత సంతోషపడిందో.

వదిన వెళ్లాక మంచం పట్టె పట్టుకుని మొదలుపెట్టాను.

"నాయనమ్మా, నీకు... తర్వాత... ఎక్కడ..."

"నా దుప్పటి లాగకు. చలి."

మళ్లీ అడగలేకపోయాను. అడిగి ఉండాల్సింది.

ఆగస్టు 4

పీదాద్ వచ్చింది. నాయనమ్మ గోడవైపు తిరగలేదు. ఎవరెవరు పోయారో చెప్పమంది. పీదాద్ చెబుతూ పోయింది, బాందార్‌లో ఒక్కొక్క ఇల్లే, ఏటి పొడుగునా. కొన్ని పేర్ల దగ్గర నాయనమ్మ కళ్లు మూసుకునేది. ఒక పేరు దగ్గర "వాడింకా బతికే ఉన్నాడనుకున్నానే, దొంగవెధవ" అంది. ఇద్దరూ నవ్వారు. ఆ దొంగవెధవ ఎవరో నాకు చెప్పలేదు.

ఆగస్టు 6

పొద్దున వదిన కాఫీ తాగిస్తుండగా పోయింది. ఒక గుక్క మింగింది. రెండోది మింగలేదు.

అన్నయ్య వాకిట్లో నిలబడిపోయాడు, ఎటు వెళ్లాలో తెలియక. కొండకా, బాందార్‌కా. నేను గొడుగు తీసుకుని కట్టమీంచి బాందార్‌కు వెళ్లాను. ఆ గుడిలో ఎవరూ నన్నెరగరు. గంట కొట్టే మనిషి వల అల్లుకుంటున్నాడు.

"ఎవరు పోయారమ్మా?"

"క్విటేరియా. కట్టమీది ఇల్లు."

"ఆ, మన క్విటేరియా" అని లేచాడు.

ఆగస్టు 7

ఇవాళ్టిది జరిగిన వరసలో రాస్తాను.

వాన తెరిపిచ్చింది. బాందార్ మగవాళ్లు నలుగురు పెట్టె ఎత్తారు. అన్నయ్య ముందు, వదినా నేనూ వెనక, మా వెనక పీదాద్, బాందార్ ఆడవాళ్లు పాడుతూ. కట్టమీద తూము దగ్గర దారి రెండవుతుంది. ఒకటి కొండకు, ఒకటి బాందార్‌కు. అక్కడ సాంతా ఆనా సంఘం నిలబడి ఉంది. ఎర్ర పైవస్త్రాలు, వెండి శిలువ. వాళ్ల గీత ఎక్కడైతే ముగుస్తుందో సరిగ్గా అక్కడ.

ఎవారిస్తు బాబ్ ముందుకొచ్చారు.

"ఆగు రొమాల్దు. గొయ్యి తవ్వించి ఉంచాను, మీ తాత పక్కనే. పాదాలవైపు రాళ్లు తగిలితే నేనే నిలబడి తీయించాను. ఇటు తిప్పండి."

అన్నయ్య పెట్టెవైపు తిరిగి చూశాడు.

"పొయ్యి నా కళ్లతో చూశాను. నాకది చాలు. ఆ తర్వాత మీ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలీదు. నేనడగను, మీరు చెప్పొద్దు."

ఆ రోజు ఆ గదిలో ఆమె దగ్గు ఆగేదాకా నిలబడ్డ మనిషి. ఆయనను ఇన్నాళ్లు తిట్టుకున్నాను.

పాట ఆగింది. మోసేవాళ్లు బరువు భుజం మార్చుకున్నారు. అన్నయ్య నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు లిందా. పొయ్యి చూసుకున్నది నువ్వు."

ఆమె కోరుకున్నదే ఎదురుగా ఉంది. తాత పక్కన. ఇక లేపి వెనక నిలబెట్టలేని చోటు. నేను చేయవలసింది ఏమీ లేదు. ఊరుకుంటే చాలు. ఊరుకోవడం నాకు బాగా వచ్చిన పని. నేను ఊరుకుంటే అందరూ ఒప్పుకున్నానని అనుకుంటారు, పెట్టె కొండవైపు తిరుగుతుంది.

కానీ ఆ చోటు ఆమెకు ఇప్పుడు అబద్ధంమీద వస్తుంది. ఆయన దయమీద వస్తుంది. ఆమె అక్కడ ఉండడం నేను ఊరుకున్నందువల్లే అవుతుంది.

ఇది ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు ఇంత ఆలోచించలేదు. అప్పుడు చెవిలో ఉన్నది ఒక్కటే, ఆర్పెయ్యవే పిల్లా అన్న మాట.

"ఆరిపోయింది బాబ్" అన్నాను. "నేనే ఆర్పాను."

"నేనడగలేదమ్మా."

"తెలుసు బాబ్. ఆమె ఆర్పమంది. నేను వెంటనే వినలేదు. తర్వాత ఆర్పాను. చివరికి గ్యాసు పొయ్యి మీదిదే తిన్నది."

ఇంతమంది ముందు ఇన్ని మాటలు నేనెప్పుడూ మాట్లాడలేదు. వదిన నా మోచేయి పట్టుకుంది.

ఎవారిస్తు బాబ్ నన్ను చూశారు. తర్వాత టోపీ తీసి, పక్కకు జరిగారు. శిలువ పట్టుకున్న మనిషి దాన్ని కొంచెం వంచాడు. మేం బాందార్ దారి పట్టాం. కొంతదూరం పోయాక వెనక్కి చూస్తే ఆయన ఒక్కరే గీత దాటి, సంఘాన్ని అక్కడే వదిలి, ఎర్ర పైవస్త్రం మడిచి చంకలో పెట్టుకుని, మా వెనకాల వస్తున్నారు. ఎవరూ పలకరించలేదు. ఎవరూ పొమ్మనలేదు.

బాందార్ సమాధుల తోట ఇసుకనేల. గోతిలో నీళ్లు ఊరాయి. పోటు తీసేదాకా ఆగాలన్నారు. ఇక్కడ ఎప్పుడూ అంతేనట. పెట్టెను చాపమీద దించి అందరూ ఇసుకలో కూర్చున్నారు. ఆడవాళ్లు ఉడికించిన శనగలు పంచుకున్నారు, చేపల ధరలు మాట్లాడుకున్నారు. మధ్యలో ఒకామె నాయనమ్మ పేరు తీసేది, కాసేపు ఏడ్చేవాళ్లు, మళ్లీ చేపలు.

నాయనమ్మ నన్ను క్షమిస్తుందో లేదో తెలియదు. ఆమె అడిగింది పొయ్యి ఆర్పమనే. ఇంకేమీ అడగలేదు. మిగిలింది నేను పూర్తిచేశాను, తప్పో ఒప్పో. ఇలా అనుకుంటూ కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. పీదాద్ భుజంమీద నిద్రపోయానట.

తట్టి లేపింది.

"నీళ్లు దిగాయి. లే పిల్లా. మొదటి గుప్పెడు నువ్వే వెయ్యాలి."

లేచి వేశాను. తడి ఇసుక, సగం నా అరచేతికే అంటుకుపోయింది. పీదాద్ నా చేయి పట్టుకుని, చంటిపిల్లకు చేసినట్టు, తన చీరకొంగుతో తుడిచింది.